కోటు విప్పింది ఎవరు?

మొన్న చల్లపల్లి బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె జబ్బ మీద రూపాయి బిళ్ళంత టీకా మచ్చ కనపడింది. ఎవరి జబ్బ కనపడినా ముందు మచ్చ కోసం వెతకడం నాకు పాత అలవాటు. అది నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక మనిషి దగ్గర అంటుకుంది.

"ఎవరు వేశారమ్మా నీకు ఈ టీకా?" అన్నాను.

"బందరు కాలేజీ మేడంగారండీ. నా చిన్నప్పుడు మా ఊరొచ్చి వేశారు. మొహాన మచ్చలుండేవి ఆవిడకి, మీకు తెలుసా? పోయారటండీ, కిందటేడు."

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. తరవాతి బస్సు దాకా అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. వస్తే ఆవిడకు నచ్చేది కాదు. ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ముందు ఎవరి మీద కోపమో తేల్చుకో. ఏడుపు సంగతి తరవాత చూద్దాం" అనేది.

ఆవిడ జువాలజీ లెక్చరరు. నేను అదే కాలేజీలో బాటనీ డెమాన్‌స్ట్రేటర్ని, వయసులో బాగా చిన్నదాన్ని. బందరులో ఒకే ఇంట్లో చెరో వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను వేరే ఊరు వెళ్ళాక ఉత్తరాలు ఆగిపోయాయి, ఆవిడ పోయిన కబురు కూడా నాకు రాలేదు. అక్కయ్యా అని పిలిచేదాన్ని. పిలవమని ఆవిడ అనలేదు, వద్దనీ అనలేదు.

ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. ఒక కనురెప్ప సగం దగ్గర ముడుచుకుపోయి ఉండేది. మిగతా ఆడవాళ్ళం ఒక మొటిమ లేస్తేనే పౌడరు అద్దుకునే రోజులు. ఆవిడ మాత్రం ముఖానికి ఏదీ రాసేది కాదు. కాలేజీ గ్రూపు ఫోటో తీసే రోజున ఫోటోగ్రాఫరు మర్యాదగా, "మేడంగారు కాస్త పక్కకి తిరిగితే బాగుంటుందండీ" అన్నాడు. ఆవిడ కుర్చీ ఎత్తి, వెలుతురు తిన్నగా పడేచోట వేసుకుని, కెమెరాకేసి కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో అందరికంటే స్పష్టంగా కనిపించేది ఆవిడే.

ఎవరు ఎదురుపడినా, "చెయ్యి చూపించు" అనేది. చెయ్యంటే అరచెయ్యి కాదు, జబ్బ. కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థీ మొదటిరోజే చొక్కా చేతులు పైకి మడిచి మచ్చ చూపించాల్సిందే. లేనివాళ్ళను తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేది. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ ముఖం తెలియని తల్లిని, "పిల్లకి వేయించావా?" అని అడిగేది. లేదంటే ఆమె దిగే ఊరిదాకా వదిలేది కాదు.

"అమ్మవారు పోసిందండీ" అని ఆవిడ ముందు ఎవరూ అనడానికి వీల్లేదు.

"అమ్మవారు పొయ్యలేదు. ఎవరో అంటించారు. ఎవరో కనుక్కో" అనేది.

పగను మరిచిపోయే మనిషి కాదు. దాన్ని దాచుకునే మనిషీ కాదు. ఉద్యోగం ఇంటర్వ్యూ రోజున సైన్సు విభాగం పెద్దాయన ఒకరు, ఆవిడ వింటుండగానే, "ఈ మొహం చూస్తే పిల్లలు భయపడరూ?" అన్నారట. అప్పుడు ఏమీ అనలేదు. ఆయన రిటైరయ్యే సభలో అందరూ మాట్లాడాక తనూ లేచింది. ఆయన పాండిత్యాన్నీ క్రమశిక్షణనూ మెచ్చుకుంది. చివర, "నా ఇంటర్వ్యూలో వీరు అన్న మాట మీ అందరికీ చెప్పాలి" అంటూ ఆ మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. "పిల్లలు భయపడలేదండీ. ఇన్నేళ్ళూ మీరే నా కళ్ళలోకి చూసి మాట్లాడలేకపోయారు" అని దండ ఆయన మెడలో వేసి వచ్చి కూర్చుంది. ఇంటికెళ్ళే దారిలో నేను మందలించబోతే పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకు రోడ్డు మీద రిక్షావాళ్ళు తిరిగి చూశారు.

ఏటా ఒక రోజు సిలబస్ పక్కనపెట్టి వైరస్ పాఠం చెప్పేది. పరీక్షలో రాదని తెలిసినా ఇతర గ్రూపుల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. ఒక ఏడు నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. వాల్తేరులో తనకు చదువు చెప్పిన గురువుగారు పంపించే పత్రికల్లోంచి కొత్త సంగతులు ఏరి తెచ్చేది. మశూచి వైరస్‌ను ఎప్పుడూ 'వాడు' అనేది, పాత కక్ష ఉన్న మనిషిని అన్నట్టు.

బోర్డు మీద ఇటుక ఆకారం ఒకటి గీసింది.

"వీడు బయట ఉన్నంతసేపూ చచ్చినవాడితో సమానం. తినడు, పెరగడు, పిల్లల్ని కనడు. దుప్పటి మీద ధూళిలో, ఎండిన పొక్కులో అలా పడుంటాడు. లోపల ఒక పోగు ఉంటుంది. తనలాంటివాళ్ళను ఎలా తయారుచేయాలో అందులో రాసుంటుంది. దాని చుట్టూ ప్రొటీను కోటు. ఆ కోటు ఉన్నంతకాలం ఆ రాత చదివేవాళ్ళు లేరు. మరి వీడు పని మొదలుపెట్టాలంటే ఏం కావాలి?"

"కోటు విప్పాలండీ."

"ఎవరు విప్పుతారు?"

"వాడే విప్పుకుంటాడండీ."

"కాదు!" సుద్దముక్క విరిగింది. "వాడికి చేతుల్లేవు. మన కణమే విప్పుతుంది. గడప దగ్గరకి ఏది వచ్చినా లోపలికి తీసుకోవడం కణం అలవాటు. ఆహారమే వచ్చిందనుకుని వాణ్ణి తనలో ఒక సంచీలో పెట్టుకుంటుంది. అన్నం అరిగించుకునే రసాలతోనే పై తొడుగు కరిగిస్తుంది. లోపల ఇంకో గట్టి డిప్ప ఉంటుంది. దాన్ని తెరవడానికి కావలసిన ప్రొటీనును కూడా కణమే కొత్తగా తయారుచేసి ఇస్తుందని ఇప్పుడిప్పుడే అంటున్నారు. డిప్ప తెరుచుకుంటుంది. పోగు బయటపడుతుంది. ఆ తరవాత కాసేపు వాడు ఎక్కడా దొరకడు. ఎంత వెతికినా కణంలో వైరస్ అన్నదే ఉండదు. పోయిందనుకుంటాం. పోలేదు. ఇల్లు వాడిదైపోయింది. ఇకమీదట ఆ కణం చేసే ప్రతి పనీ వాడి పనే. చివరికి పగిలి చస్తుంది, వాడిలాంటివాళ్ళను వందలమందిని వీధిలోకి వదిలి."

ముందు బెంచీలో కూర్చునే గూడూరు అమ్మాయి లేచింది. తెలివైన పిల్ల. "అయితే మేడమ్, తప్పు కణానిదేనాండీ? అది విప్పకపోతే జబ్బే లేదుగా?"

ఆవిడ ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుంది.

"ఇంకోసారి ఆ మాట అనకు" అంది మెల్లగా. "ఇంటికొచ్చినవాడికి మర్యాద చేసినవాళ్ళది తప్పెట్లా అవుతుంది? వచ్చినవాడు ఎవడో దానికి ఎవరూ చెప్పలేదు."

పాఠం అక్కడితో ఆపేసింది. ఆ సాయంత్రం వాకిట్లో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నేను అడక్కుండానే చెప్పింది.

వాళ్ళది దివిసీమలో ఒక పల్లెటూరు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఇద్దరు ఆడపిల్లల్నీ చదువు కోసం గుడివాడ తీసుకొచ్చి పెట్టింది. ఊళ్ళో పెదనాన్న పెద్ద రైతు, పెద్దమనిషి. ఒక ఏడు కోతల కాలంలో ఆయన కబురు పంపాడు, కూలీలకు వండి పెట్టడానికి మనుషుల్లేరు, పిల్లలిద్దర్నీ పంపించమని. సంతోషంగా వెళ్ళారు. పెదనాన్న కొడుకు వెనక గదిలో పడుకుని ఉన్నాడు. అన్నయ్యకి మామూలు జ్వరమని చెప్పారు. మశూచి ఉన్న ఇంటి గుమ్మానికి కట్టే వేపమండలు కట్టలేదు. కడితే కూలీలు ఆ గడప తొక్కరు, పంట చేలో ఉండిపోతుంది.

"అన్నయ్య దుప్పట్లు ఉతకమని మా చెల్లికిచ్చారు. అది కాలవ గట్టున కూచుని పాటలు పాడుకుంటూ ఉతికింది. అది పాడుతుంటే కోతల వాళ్ళు పని ఆపి వినేవాళ్ళు."

పన్నెండు రోజులయ్యాక ఇద్దరికీ జ్వరం వచ్చింది. తరవాత ఊళ్ళో ఇంకొందరికి. చెల్లెలు పోయింది. అప్పుడు పెదనాన్న అరుగు మీద కూర్చుని ఊరంతటికీ చెప్పాడు, గుడివాడ నుంచి ఈ ఆడపిల్లలే మోసుకొచ్చారని, తన కొడుక్కీ వాళ్ళే అంటించారని.

"చెల్లిని మొయ్యడానికి మనిషి రాలేదు. బండి తోలే ముసలాయన ఒక్కడే వచ్చాడు. ఎవరింట్లో చావు జరిగినా మా అమ్మ పేరెత్తి తిట్టారు. అవన్నీ పోనీ. మా అమ్మ ఆ మాట నమ్మింది. మనమే తెచ్చామేమోనే, ఇంతమందిని మనమే చంపామేమోనే అనుకుంటూ, అనుకుంటూ పోయింది." చేటలోంచి ఒక రాయి తీసి దూరంగా విసిరింది. "ఆయన చావు నాకొద్దు. చావెవరికైనా వస్తుంది. ఆయన నోటితో ఆ మాట అనాలి. అదే అరుగు మీద."

అరవైలలో ఊరూరా మశూచి టీకాలు వేస్తున్నప్పుడు కాలేజీ నుంచి కొందరం సాయానికి వెళ్ళేవాళ్ళం. టీకాలాయన మాకు పని నేర్పాడు. చుక్క మందు వేసి, చివర చిన్న సూదులున్న బిళ్ళను చర్మం మీద ఆనించి తిప్పడం. ఒకసారి దివిసీమ వంతు వచ్చింది. వెళ్ళాల్సిన ఊళ్ళ పేర్లు చదువుతుంటే ఆవిడ తన ఊరి దగ్గర, "దీనికి నేను వెళ్తాను" అంది. తోడుగా నన్ను తీసుకెళ్ళింది.

స్కూలు వరండాలో బల్ల వేసుకుని, ఐసు పెట్టిన ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఊళ్ళోంచి ఒక్కరూ రాలేదు. టీకాలాయన వెళ్ళి విచారించి వచ్చాడు. పెదనాన్నగారు ఊరికి చెప్పారట, "అప్పుడు ఒంటి మీద తెచ్చింది, ఇప్పుడు సీసాలో తెచ్చింది" అని. పాపం ఆయన తల గోక్కుని, పక్క పేటలోనైనా ప్రయత్నిస్తానని సగం మందు తీసుకుని వెళ్ళాడు. ఆవిడ కదల్లేదు.

మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేని వేళ పెదనాన్న వచ్చాడు. బాగా పెద్దవాడయ్యాడు. చేతికర్ర. భుజాన ఉతికిన కండువా.

"ఏమ్మా, బాగున్నావా?"

"చెప్పండి" అంది. సొంత పెదనాన్నను కొత్తవాళ్ళను అన్నట్టు 'అండీ' అని పిలవడం ఆయనకు తగిలింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మనవడికీ మనవరాలికీ వెయ్యాలమ్మా. ఇక్కడ కాదు. దొడ్డిదారిన ఇంట్లోకి రా. గుట్టుగా."

"వెనక గదిలో ఎవరున్నారండీ?"

ఆయన కర్ర చేతిలోంచి జారింది. మళ్ళీ తనే వంగి తీసుకున్నాడు.

"నా బావమరిది. చుట్టపుచూపుగా వచ్చాడు. మొన్న ఒళ్ళంతా పేలింది. పిల్లలు ఆ గదిలోనే ఆడుకున్నారు. నీకు దణ్ణం పెడతాను తల్లీ."

"వేస్తాను" అంది. "ఇదిగో, ఈ బల్ల దగ్గర. ముందు మీరు అరుగు మీద నిలబడి ఊరిని పిలవాలి. ఇప్పుడు మీ ఇంట్లో ఏముందో చెప్పాలి. అప్పుడు ఏముందో కూడా చెప్పాలి."

"చచ్చిపోతాను గాని ఆ మాట చెప్పను."

"సరే. వెళ్ళిరండి."

ఆయన వెళ్ళిపోయాడు. నేను గభాల్న లేచాను. "అక్కయ్యా, పసిపిల్లలు! వాళ్ళేం చేశారు?"

"నా చెల్లెలు ఏం చేసింది?"

"నేను వెళ్ళి వేసొస్తాను." ఫ్లాస్కు వైపు చెయ్యి చాపాను. నా మణికట్టు పట్టుకుంది. ఎముక నొప్పి పుట్టింది.

"కూచో. వాళ్ళకి టైముంది. వాడు లోపలికి వెళ్ళి ఉన్నా, ఒక కణంలో కోటు విప్పించుకుని, పెరిగి, దాన్ని పగలగొట్టుకుని ఇంకో కణంలోకి వెళ్ళాలి. ఒళ్ళంతా పాకడానికి రోజులు పడతాయి. ఈ లోపల టీకా వేస్తే వాడి కంటే ముందు పరిగెత్తుతుంది. సాయంత్రం దాకా టైముంది. ఆ టైము నాది."

కూర్చున్నాం. ఎండ వరండాలోకి జరిగి వచ్చింది. ఆవిడ తన నీడ వైపు చూస్తూ ఉంది. ఆ ముఖంలో కనికరం కోసం వెతికాను. లేదు.

ఇంతలో వీధిలో కేకలు. పెదనాన్న కోడలు, చంకలో ఒక పిల్ల, చేత్తో పట్టుకుని ఇంకో పిల్లవాడు, చెప్పులు లేకుండా పరుగెత్తుకొస్తోంది. వెనక మామగారు, "ఏమేవ్, ఆగు!" అని అరుస్తున్నాడు. ఆ అరుపులకి ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఆమె వరండా మెట్ల మీద ఆగి జనంకేసి తిరిగింది.

"వినండి, అందరూ వినండి! మా ఇంట్లో మశూచి ఉంది. మామగారు దాచారు. ఆనాడూ దాచారు. ముందు పోసింది మా ఆయనకి. ఈ అమ్మాయీ వాళ్ళ చెల్లీ గుడివాడ నుంచి రాకముందే పోసింది. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి గదిలో ఆయన దగ్గర నన్నుంచారు. ఆ దుప్పట్లు ఈ చేతుల్తోనే చెల్లికిచ్చాను ఉతకమని. ఇమ్మన్నది మామగారు." అప్పుడు ఆవిడకేసి తిరిగి, "నన్ను చంపెయ్ అమ్మాయ్, నా పిల్లలకి వెయ్యి" అంది.

"వాళ్ళని ఇటివ్వు వదినా" అంది ఆవిడ. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీకా వేసింది. పిల్లవాడికీ వేసింది. ఆ వెంటనే ఊరంతా వచ్చి పడింది. మందు చాలదని టీకాలాయన కోసం మనిషిని పరుగెత్తించాం.

అందరి తరవాతా పెదనాన్న వచ్చాడు. జనం దారిచ్చి, తాకకుండా దూరం జరిగారు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల ముందు నిలబడ్డాడు.

"చెప్పండి" అంది ఆవిడ.

"కోడలు చెప్పిందిగా."

"మీరు చెప్పలేదు."

ఆయన పెదాలు కదిలాయి.

"వినపడలేదండీ. మా అమ్మకి వినపడేలా చెప్పండి."

ఆయన ఒకసారి తన ఇంటి వైపు చూశాడు. "జబ్బు మా ఇంట్లోంచే వచ్చింది" అన్నాడు. "ఈ పిల్లలు తేలేదు. నేను అబద్ధం చెప్పాను."

"ఏ పిల్లలు? చిన్నదాని పేరు చెప్పండి."

చెప్పాడు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఇక్కడ రాయను. అది పలికేసరికి ముసలాయన కిందికి జారి కూర్చున్నాడు. ఆవిడ లేచి, చేతిలో సూది బిళ్ళ నాకిచ్చింది.

"నువ్వు వెయ్యి. నేను ఆయన్ని ముట్టుకోను."

తిరుగు బస్సులో అడిగాను, "కోడలు రాకపోతే ఏం చేసేదానివి?"

"పొద్దు వాలాక వెళ్ళి పిల్లల్ని లాక్కొచ్చి వేసేదాన్ని." కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకో మాట కలిపింది, "అనుకుంటున్నాను."

పిల్లలకు జబ్బు రాలేదు. పెదనాన్నకూ రాలేదు. కానీ తీర్పుల కోసం ఆయన అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు కరువయ్యారు. ప్రతి ఏడూ కోతలకు వచ్చిన కూలీలు ఆయన గేటు బయటే నిలబడి, "వెనక గదిలో ఎవరూ లేరు గదండీ?" అని అడిగి మరీ లోపల అడుగు పెట్టేవాళ్ళట. ఆ ఊరివాళ్ళు ఎవరు బందరు వచ్చినా ఆవిడ ఆ ముక్క మళ్ళీ చెప్పించుకుని వినేది. ఎలా అడుగుతారు, ఆయన ముఖం ఎలా పెడతాడు, అన్నీ. ఒకసారి నేను విసుగెత్తి, "ఇంకా చల్లారలేదా అక్కయ్యా?" అన్నాను. "అమ్మ వినలేదుగా" అంది.

కొన్నేళ్ళకు ఒక ఉదయం, మొదటి గంట కొట్టకముందే, ఆ ఊరి నుంచి ఒకతను స్టాఫ్ రూముకు వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "మీ పెదనాన్నగారు రాత్రి పోయారండీ. మీకు మైల వస్తుంది, స్నానం చెయ్యాలని చెప్పి రమ్మన్నారు" అన్నాడు.

"నేను పొద్దున్నే చేశాను స్నానం" అంది ఆవిడ. "నువ్వు టిఫిను తిని బస్సెక్కు."

అతను వెళ్ళాక అటెండరును పిలిచి బజారు నుంచి మల్లెపూలు తెప్పించింది. నేనెరిగిన అన్నేళ్ళలో ఆవిడ తలలో పువ్వు చూసి ఎరగను. స్టాఫ్ రూములో అందరూ చూస్తుండగా మూరెడు దండ జడలో తురుముకుంది. పిన్ను నన్నే పెట్టమంది. గంట కొట్టారు. అటెండెన్సు రిజిస్టరు చంకన పెట్టుకుని క్లాసుకు వెళ్ళింది.

నేను వరండాలో నిలబడి విన్నాను. ఆ రోజు పాఠం కప్ప గుండె. ఆవిడ అంత బాగా పాఠం చెప్పగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు.